ఎంపీసీ తర్వాత బయాలజీ గట్టెక్కించిన పెద్దలందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. ఇంటర్‌లో ఎంపీసీ చదివి, చాలా ఆలస్యంగా పశువైద్యం వైపు తిరిగిన కొందరం కలిసి రాస్తున్న పోస్టు ఇది. మాకు అడ్డుపడ్డది ఒక్క బయాలజీ. మెమోలు చేతికొచ్చాయి కాబట్టి ముందుగా చేయాల్సిన పని ఈ కృతజ్ఞతలు చెప్పుకోవడమే. సాయం చేసినవాళ్లు తమ పేర్లు వద్దన్నారు. చేసిన మేలు మాత్రం వివరంగా రాస్తున్నాం, ఇదే దారిలో ఉన్నవాళ్లకు పనికొస్తుంది.

మొదటి నమస్కారం రిటైర్డ్ ప్రిన్సిపల్ మాస్టారికి. ఎక్కడా ఒక్క రూపాయి కట్టకముందే కాగితాలు చదివించారు. ఇంటర్ అయ్యాక బయాలజీని అదనపు సబ్జెక్టుగా చదివినవాళ్లు నీట్ రాయొచ్చని నేషనల్ మెడికల్ కమిషన్ 2023 నవంబరు 22న ప్రకటించింది. అది చూసి చాలామంది ఇక అన్నిటికీ దారి తెరుచుకుందనుకుంటారు. ఆ ప్రకటన ఎంబీబీఎస్ కోసం. పశువైద్య డిగ్రీ అయిన బీవీఎస్సీకి నిబంధనలు పెట్టేది వెటర్నరీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. అందుకే ఏ యూనివర్సిటీ సీటు కావాలో దాని ప్రాస్పెక్టస్‌లో అర్హత పేజీ చదివి, అదనపు సబ్జెక్టు చెల్లుతుందా అని అడ్మిషన్ విభాగం నుంచి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోమన్నారు. నోటిమాట కౌన్సెలింగ్ బల్ల దగ్గర నిలబడదు. నీట్‌కు పై వయసు పరిమితి లేదు గానీ సీటిచ్చేచోట ఉండొచ్చు, కాబట్టి వయసు నిబంధన కూడా అప్పుడే చూసుకోవాలి.

ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూలు) స్టడీ సెంటర్‌లో గుమాస్తాగారికి మేం ఎంతో రుణపడి ఉన్నాం. ఇంటర్ పాసైనవాళ్లు మళ్లీ మొత్తం కోర్సు చదవక్కర్లేదు, కావలసిన సబ్జెక్టుకే చేరొచ్చు. బయాలజీ కోడ్ 314. థియరీ 80, ప్రాక్టికల్ 20. పబ్లిక్ పరీక్షలు ఏప్రిల్-మే, అక్టోబరు-నవంబరుల్లో ఉంటాయి. ఏప్రిల్‌లో రాయాలంటే అంతకుముందు ఏడాది వేసవిలోనే చేరిపోవాలి. దసరా సెలవుల్లో చేరి ఏప్రిల్‌లో రాద్దామనుకుంటే ఒక నీట్ చేజారుతుంది. ఇంటి దగ్గర రాసిచ్చే టీఎంఏ అసైన్‌మెంట్లకు థియరీలో 20 శాతం వెయిటేజీ ఉంది, గడువులోగా ఇవ్వకపోతే ఆ మార్కులు వదులుకున్నట్టే.

ఆయన దరఖాస్తుల్లో పట్టుకున్న తప్పు మరొకటి: పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి, ఆధార్‌లో పూర్తిగా ఉంటే, చాలామంది కొత్త ఫారంలో ఆధార్ చూసి నింపేస్తారు. రేపు ఇంటర్ మెమో, బయాలజీ మెమో పక్కపక్కన పెట్టినప్పుడు అవి ఇద్దరు మనుషులవిగా కనిపిస్తాయి. అక్షరం తేడా లేకుండా టెన్త్ మెమోలో ఉన్నట్టే రాయాలి.

ల్యాబ్ అటెండర్ బాబాయికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. ఉల్లి వేరు కొనలో సమవిభజన (ఒక కణం ఒకేలాంటి రెండు కణాలుగా విడిపోవడం) చూపించే స్లైడు దగ్గర దాదాపు అందరూ తడబడతారు. బాబాయి నేర్పిన పద్ధతి ఇది. ఉల్లిపాయ కింది ఎండు వేళ్లు గీకేసి, అడుగు మాత్రమే నీటికి తగిలేలా గ్లాసు మూతి మీద కూర్చోబెట్టాలి. కొత్త వేళ్లు రెండు మూడు సెంటీమీటర్లు పెరిగాక, ఉదయం ఎనిమిది, పది గంటల మధ్య కొనలు కోసి, ఒక వంతు గ్లేషియల్ అసిటిక్ ఆమ్లం, మూడు వంతుల ఆల్కహాల్ కలిపిన ద్రవంలో 24 గంటలు ఉంచాలి. ఈ ద్రవం ఏ రోజుకారోజు కలుపుకోవాలి, నిలవుంటే ఆ రెండూ చర్య జరిపి పదును పోతుంది. తర్వాత స్లైడు మీద ఒక చుక్క 1 నార్మల్ (1N) గాఢత ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లం, రెండు మూడు చుక్కల ఎసిటోకార్మిన్ రంగు వేసి, సారాదీపం మీద గోరువెచ్చగా కాచాలి. మరిగితే రంగు ఎండి గింజలు కడుతుంది, వాటినే కొందరు క్రోమోజోములనుకుని బొమ్మ గీసేస్తారు.

ఐదు పది నిమిషాలు ఆగితే కొన ముదురుగా రంగు పట్టి కనిపిస్తుంది. ఆ రెండు మూడు మిల్లీమీటర్లే ఉంచి మిగతాది పారేయాలి. వెనక భాగం తీసుకుంటే పొడవాటి కణాలే కనిపిస్తాయి, విభజన దొరకదు, ఎందుకంటే విభాజ్య కణజాలం ఉండేది కొనలోనే. కవర్‌స్లిప్ మీద అద్దుడు కాగితం పెట్టి బొటనవేలితో నిటారుగా నొక్కాలి. కాస్త పక్కకు జారినా కణాలు చుట్టుకుపోతాయి. ఇది నూరు మాటలకన్నా ఒకసారి పక్కన నిలబడి చూస్తేనే వచ్చే విద్య. తన భోజనం వేళ వదులుకుని చూపించాడు బాబాయి.

జువాలజీ మేడం గారికి పాదాభివందనం. నీట్‌లో 180 ప్రశ్నలుంటే 90 బయాలజీవే, 720లో 360 మార్కులు. రెండు సిలబస్‌లు ఒకటే అనుకుంటే దెబ్బతింటామని ఆవిడ మొదటిరోజే చెప్పారు. జీర్ణక్రియ పాఠం 2024 నుంచి నీట్ సిలబస్‌లో లేదు, ఎన్‌ఐఓఎస్ పుస్తకంలో ఉంది. 33 శాతానికి పాసైనట్టే గానీ, బీవీఎస్సీకి జనరల్ అభ్యర్థులకు ఇంగ్లీషు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి 50 శాతం ఉండాలి. పాత ఇంటర్ మార్కులు తక్కువున్నవాళ్లు బయాలజీ ఎంత తెచ్చుకోవాలో ముందే లెక్కేసి కాగితం మీద రాసిచ్చారు. చలనదశ, అంత్యదశ అని తెలుగు అకాడమీ పుస్తకాల్లో చదివిన మాటలకు ఇంగ్లీషు మాటలు పక్కన రాయించిందీ ఆవిడే.

పశువుల ఆసుపత్రి డాక్టరు గారికీ, పల్లెల్లో పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్ర అన్నకీ కృతజ్ఞతలు. ఆవు ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించి రుమెన్ (పొట్టలో మేత పులిసే పెద్ద గది) కదలికలు లెక్కపెట్టించారు, ఆరోగ్యంగా ఉంటే రెండు నిమిషాల్లో రెండు మూడుసార్లు చేతిని తోస్తుంది. నీట్‌లో లేదని వదిలేద్దామనుకున్న జీర్ణక్రియ పాఠం ఆ రోజు నుంచి ఎవరూ వదల్లేదు.

బాబాయి ఇచ్చిన శాశ్వత స్లైడ్ల పెట్టె, మేడం గారి నోట్సు జిరాక్సు ప్రస్తుతం మా దగ్గరే ఉన్నాయి. వచ్చే విడతలో బయాలజీ రాసేవాళ్లకు వాటిని అందజేయమని ఇద్దరూ చెప్పారు. కావలసినవాళ్లు కింద రాయండి.