ముందు వైరింగ్ చూడండి, తర్వాత వయసు చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

కాలం చెల్లిన వాహనాల మీద మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. పాత కార్లు నడిరోడ్డు మీద ఉన్నట్టుండి తగలబడుతున్నాయని, పదిహేనేళ్ళు దాటిన బండిని తుక్కుకి పంపడమే క్షేమమని రాశారు. తగలబడుతున్న మాట నిజమే, నేను కాదనను. ఎందుకు తగలబడుతున్నాయన్నది మాత్రం అందులో ఒక్క ముక్క కూడా లేదు. ఇనుము పాతబడినంత మాత్రాన మంట పుట్టదు కదండీ. పెట్రోలు పైపు లీకైతే పుడుతుంది, వైరు షార్టయితే పుడుతుంది, ఈ రెండూ ఐదేళ్ళ బండిలో కూడా జరగొచ్చు, యాభై ఏళ్ళ బండిలో జరక్కుండా చూసుకోనూ వచ్చు. నా దగ్గర 1970ల చివరి నాటి అంబాసిడర్ ఎస్టేట్ కారు ఉంది. దాన్ని ఇక్కడే కావలిలో, ఇంటి వెనక రేకుల షెడ్డులో పూర్తిగా విప్పి, తుప్పు పట్టిన చోట్ల టింకరింగ్ చేయించి, వైరింగ్ మొత్తం నేనూ మా బామ్మర్దీ కలిసి కొత్తగా వేసుకున్నాం. ఆ పని చేసినవాడిగా చెప్పదలుచుకున్నది ఒక్కటే, పాత బండి రోడ్డెక్కొచ్చా లేదా అన్నది దాని వయసు చూసి కాకుండా దాని వైరింగ్ చూసి తేల్చండి.

ఎస్టేట్ అంటే ఈ కాలం పిల్లలకి తెలియకపోవచ్చు. మామూలు అంబాసిడర్‌కి డిక్కీ విడిగా ఉంటుంది, దీనికి పైకప్పు వెనకదాకా సాగి ఉంటుంది, వెనక తలుపు తీసి సీటు మడిస్తే బస్తాలు పడతాయి. మా నాన్న దీన్ని సెకండ్ హ్యాండులో కొన్నది మొలగొలుకుల ధాన్యం బస్తాలు తోలడానికి, శనివారం వస్తే అదే బండిలో ఇంటిల్లిపాదినీ మాలకొండ గుడికి తీసుకుపోయేవాడు. 1489 సీసీ పెట్రోలు ఇంజను. దాని గురించి నాకు ఏ టెన్షనూ లేదు, ఎందుకంటే ఆ ఇంజను గురించి తెలిసిన మేస్త్రీలు నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఇప్పటికీ ఉన్నారు, సామాను విజయవాడ ఆటోనగర్‌లోనో చెన్నై పుదుప్పేటలోనో వెతికితే దొరుకుతుంది. వైరింగ్ దగ్గరికి వచ్చేసరికే అందరూ తప్పుకుంటారు. ఎవరిని అడిగినా "ఏది వెలగడం లేదో చెప్పండి సార్, దానికి ఒక వైరు లాగిచ్చేస్తా" అంటారు. అలా ఒక్కో రిపేరుకి ఒక్కో వైరు లాగుతూ పోతే ఏమవుతుందో డ్యాష్‌బోర్డు కింద పడుకుని టార్చి వేసి చూస్తే గానీ తెలియదు.

మా బండిలో స్టీరింగ్ కింద ఒక కట్ట వైర్లు నల్ల టేపుతో చుట్టి ఉన్నాయి. టేపు విప్పితే జిగురు కరిగి వేళ్ళకి అంటుకుంది. లోపల ఐదారు రకాల వైర్లు ఒకదానికొకటి మెలేసి ఉన్నాయి. అందులో ఒకటి ఇళ్ళల్లో స్విచ్ బోర్డుకి వాడే సింగిల్ వైరు, ఇంకొకటి స్పీకరు వైరు, మరొకదాని తొడుగు కాలిపోయి రాగి బయటికి వచ్చింది, ఆ రాగి కూడా చిలుము పట్టి ఆకుపచ్చగా ఉంది. ఫ్యూజు బాక్సు తెరిస్తే గాజు ఫ్యూజు చుట్టూ సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టారు. అంటే ఆ ఫ్యూజు ఇక జన్మలో పోదు, పోవాల్సి వస్తే వైరే పోతుంది, లేదా బండే పోతుంది. పక్కన మొదటి నుంచీ ఉన్న కంపెనీ వైర్లు ముట్టుకుంటే ప్లాస్టిక్ తొడుగు పెళుసుగా చిట్లి రాలింది. మాకు సముద్రం దగ్గర, తుమ్మలపెంట వైపు నుంచి వీచే ఉప్పుగాలికి రాగి టెర్మినళ్ళు ఊరికే చిలుము పడతాయి, పైన రోహిణి కార్తె ఎండలు సరేసరి. చిలుము పట్టిన జాయింటు కరెంటుకి అడ్డం పడుతుంది, అడ్డం పడ్డ చోట వేడి పుడుతుంది, ఆ వేడికి పక్క వైరు తొడుగు కరుగుతుంది. మీ వ్యాసంలో రాసిన మంటల్లో చాలావాటికి ఇలాంటిదే మొదలై ఉంటుందని నా నమ్మకం.

ఇంకో సంగతి హెడ్‌లైట్లది. హైవే మీద రాత్రిపూట లారీల ఎదురు వెలుగులో ఏమీ కనబడక, మన వాళ్ళు 60/55 వాట్ల బల్బు (బ్రైటుకి 60, డిమ్ముకి 55) తీసేసి 100/90 బల్బు వేయిస్తారు. లెక్క వేసి చూడండి, 60 వాట్ల బల్బులు రెండు 12 వోల్టుల మీద 10 ఆంపియర్లు తీసుకుంటాయి, 100 వాట్లవి రెండైతే దాదాపు 17. ఆ కరెంటంతా డ్యాష్‌బోర్డు స్విచ్ మీదుగా, డిమ్మూ బ్రైటూ మార్చడానికి కాలితో నొక్కే డిప్పర్ మీదుగా, దాదాపు యాభై ఏళ్ళ నాటి సన్న వైరులోంచి పోవాలి. పిల్ల కాలువలోకి పెద్ద కాలువ నీళ్ళు వదిలితే గట్టు తెగక ఏమవుతుంది? పోనీ అంత చేసినా వెలుతురు వస్తుందా అంటే రాదు. బల్బు దగ్గరికి చేరే వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుతురు దాదాపు మూడో వంతు పడిపోతుంది. కాబట్టి బల్బు పెంచడం మందు కాదు, దారిలో పోతున్న వోల్టేజిని ఆపాలి. మేం మామూలు 60/55 బల్బులే ఉంచి, డిమ్ముకొకటి, బ్రైటుకొకటి రిలేలు పెట్టాం. రిలే అంటే కాస్త కరెంటు ఇస్తే పెద్ద కరెంటుని కలిపే స్విచ్. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా వచ్చే లావు వైరు రిలే 30 నంబరు పిన్నుకి, 87 నుంచి బల్బులకి, 85, 86 పిన్నులకి స్విచ్ వైరూ, ఎర్తూ (అంటే బాడీకి కలిపే వైరు). ఇప్పుడు పాత స్విచ్ మీద పడేది రిలే కాయిల్ తీసుకునే కాస్త కరెంటే, అది వేడెక్కే ప్రసక్తే లేదు. రిలేలూ, హోల్డర్లూ, వైరూ అన్నీ కలిపినా ఒక టైరు ఖర్చు కాదు. ఈ ఒక్క పని చేయించుకున్నా చాలామంది పాత బండ్ల వాళ్ళకి రాత్రి ప్రయాణం భయం తగ్గుతుంది.

వైరింగ్ అంతా ఎలా చేశామో కూడా కాస్త చెబుతాను, ఇంట్లో పాత బండి ఉన్నవాళ్ళకి పనికొస్తుంది. పాతది కత్తిరించి పారేయకూడదు. ప్రతి కొసకీ చీటీ కట్టి, ఫోటో తీసి, మొత్తం కట్టని కొమ్మలతో సహా ఊడదీసి షెడ్డులో నేల మీద బండి పొడవునా పరిచాం. దాని పక్కనే కొత్తది కొలత ప్రకారం అల్లుకుంటూ వచ్చాం. ఈ బండ్లలో వైర్ల రంగులకి ఒక పద్ధతి ఉంది, బండ్లకి ఎలక్ట్రికల్ సామాను చేసిన ఇంగ్లండు లూకాస్ కంపెనీ నుంచి వచ్చింది. కాఫీ రంగు వైరు నేరుగా బ్యాటరీది, అందులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. తెల్లది తాళం తిప్పితే వచ్చేది. ఆకుపచ్చది తాళం తిప్పాక ఫ్యూజు దాటి వచ్చేది. ఎర్రది సైడు లైట్లకి, నీలం హెడ్‌లైట్లకి, నల్లది ఎర్తుకి. మేం ఆ రంగులే వాడాం. రేపు నేను లేకపోయినా, ఈ బండి ఎవరి చేతికి పోయినా, బానెట్ ఎత్తగానే వాళ్ళకి ఏది ఏమిటో అర్థం కావాలి. అంతా ఎర్ర వైరుతో చేసిచ్చే మేస్త్రీని మాత్రం దయచేసి నమ్మకండి.

వైరు ఆటోమొబైల్‌ది, సన్న పోగులు ఎక్కువగా ఉండేదే కొనాలి. ఇంటి వైరు అదురుకి లోపలే విరుగుతుంది, పైకి తొడుగు బాగానే కనబడుతుంది, ఎక్కడ తెగిందో కనుక్కోవడానికి ప్రాణం పోతుంది. హెడ్‌లైట్లకి 2.5 చదరపు మిల్లీమీటర్లు, సైడు లైట్లకీ ఇండికేటర్లకీ 1 నుంచి 1.5 సరిపోతుంది. ఫ్యూజు ఉన్నది బల్బుని కాపాడటానికని చాలామంది అనుకుంటారు, అది కాపాడేది వైరుని. అందుకే వైరు మోయగలిగిన దానికన్నా తక్కువలో ఫ్యూజు వేసి, దాన్ని బ్యాటరీకి వీలైనంత దగ్గరలో పెట్టాలి. పాత బండ్లలో రెండే ఫ్యూజులు ఉండి, హెడ్‌లైట్లకి అసలు ఫ్యూజే లేకుండా వచ్చినవి చాలా ఉన్నాయి. మేం ఒక్కోదానికి ఒక్కో ఫ్యూజు ఇచ్చాం. వైరు రేకులోంచి దూరే ప్రతి రంధ్రానికీ కొత్త రబ్బరు గ్రోమెట్ వేశాం, రేకు అంచు అదురుకి వైరుని కోస్తూనే ఉంటుంది కాబట్టి.

ఎస్టేట్‌కి ప్రత్యేకంగా రెండు జబ్బులు. ఒకటి, వెనక తలుపు దగ్గర వైరు మడత పడే చోటు. తలుపు తీసినప్పుడల్లా వంగి వంగి తెగుతుంది, నంబర్ ప్లేటు లైటు ఆరిపోతుంది, వైరు బాడీకి తగిలిందంటే దాంతోపాటు వెనక లైట్లన్నీ పోతాయి. అక్కడ మెత్తటి వైరు వాడి, రబ్బరు గొట్టంలో వదులుగా వదలాలి. రెండోది ఎర్తు. వెనక లైట్ల కరెంటు బాడీ రేకు గుండానే తిరిగి రావాలి, తుప్పు పట్టిన చోటా పెయింటు వేసిన చోటా అది రాదు. మేం వెనక లైట్లకి విడిగా నల్ల వైరు ముందుదాకా తెచ్చి, రేకుని మెరిసేదాకా గీకి బోల్టు బిగించి, గ్రీజు పూశాం. హైవే మీద లారీలు వెనక తోసుకొస్తుంటే మన బ్రేకు లైటు వెలిగిందో లేదో అన్నది ప్రాణంతో పని.

అంబాసిడర్ పుట్టింది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే ఇంగ్లీషు కారు నుంచి. ఆ కాలపు ఇంగ్లీషు బండ్లకి బ్యాటరీ ప్లస్ బాడీకి కలిపి ఉండేది, మైనస్ కాదు. కాబట్టి మరీ పాత బండి ఏదైనా సరే, బ్యాటరీని ఛార్జి చేసే డైనమో తీసి దాని బదులు ఆల్టర్నేటర్ పెట్టే ముందు ఎర్తు ప్లస్సో మైనస్సో చూసుకోవాలి, తిరగేసి కలిపితే ఆల్టర్నేటర్ లోపలి డయోడ్లు క్షణంలో పోతాయి. అంతా అయ్యాక బ్యాటరీ నేరుగా కలపకండి. బ్యాటరీకీ బండికీ మధ్య సిరీస్‌లో ఒక హెడ్‌లైటు బల్బు పెట్టి చూడండి. స్విచ్‌లన్నీ ఆపి ఉండగా అది గట్టిగా వెలిగిందంటే ఎక్కడో షార్టు ఉన్నట్టే. ఏదీ కాలిపోకుండా తెలిసిపోతుంది. మాది వెలగలేదు. ఆ సాయంత్రం మా బామ్మర్ది వీధి వీధంతా పిలిచి లైట్లు వేసి చూపించాడు.

ఇప్పుడు రూల్స్ గురించి. పదిహేనేళ్ళు దాటితే బండి తుక్కే అని మన జిల్లాలో చాలామంది అనుకుంటున్నారు, మీ వ్యాసం చదివిన వాళ్ళు ఇంకా గట్టిగా అనుకుంటారు. పెట్రోలుకి పదిహేను, డీజిలుకి పదేళ్ళ పరిమితి గొడవ ఢిల్లీ చుట్టుపక్కల ప్రాంతానిది. మన దగ్గర పదిహేనేళ్ళు దాటిన సొంత కారుని తనిఖీ చేయించి, ఐదేసి ఏళ్ళకి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేసుకోవచ్చు. ఆ ఫీజు కారుకి 5 వేలు, 2025 ఆగస్టు నుంచి ఇరవై ఏళ్ళు దాటిన వాటికి 10 వేలు చేశారు. యాభై ఏళ్ళు దాటిన వాటికి వింటేజ్ రిజిస్ట్రేషన్ అని 2021 జులైలో కేంద్రం వేరే రూల్స్ తెచ్చింది, 20 వేలు కడితే పదేళ్ళకి ఇస్తారు, అసలు స్వరూపం మార్చకూడదు. ఆ బండిని ప్రదర్శనకో ర్యాలీకో రిపేరుకో తప్ప రోజూ తిప్పుకోవడానికి వీల్లేదు. పురాతన వస్తువుల ప్రేమని నేను తప్పు పట్టను. కానీ ఇరవైకీ యాభైకీ మధ్య ఉన్న బండ్ల సంగతేంటి? మా ఎస్టేట్ ఆ గుంపులోదే. తనిఖీకి తీసుకుపోతే లైటు వెలిగిందా, హారన్ మోగిందా అని చూశారు, బానెట్ ఎత్తి ఫ్యూజు బాక్సు చూసినవాళ్ళు లేరు. వెండి కాగితం చుట్టిన రోజుల్లో కూడా ఈ బండి అలాగే పాసయింది! వైరింగ్ మొత్తం మార్చినవాడికీ, మార్చనివాడికీ ఒకే ఫీజు, ఒకే చూపు.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. ఇరవై ఏళ్ళు దాటిన బండి తనిఖీకి వచ్చినప్పుడు ఫ్యూజులు సరైనవి ఉన్నాయా, టేపు చుట్టిన అతుకులు ఉన్నాయా, పెట్రోలు పైపు పక్కన వైరు పోతోందా అని చూడాలి, హెడ్‌లైట్లు వేసి బ్యాటరీ దగ్గరా బల్బు దగ్గరా వోల్టేజి కొలవాలి. మల్టీమీటరు ఉంటే పది నిమిషాల పని. తేడా అర వోల్టు దాటితే తిప్పి పంపండి, బాగు చేయించుకుని వస్తాం. సరిగ్గా ఉన్నవాడికి ఫీజులో కాస్త తగ్గించండి, అప్పుడు నలుగురూ ఆ పని చేయించుకుంటారు.

చేసేవాళ్ళు కూడా ఉండాలి కదా. మన జిల్లా ఐటీఐల్లో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడు చదివే పిల్లలకి ఒక్క పాత బండికైనా పూర్తి వైరింగ్ విప్పి వేసే పని నేర్పితే వాళ్ళకి ఊళ్ళోనే బతుకుతెరువు దొరుకుతుంది. మా బండి పాత వైరింగ్ చీటీలతో సహా అలాగే దాచాను, కాలిన అతుకులూ ఆ వెండి కాగితపు ఫ్యూజూ అందులోనే ఉన్నాయి. పిల్లలకి చూపించడానికి ఏ ఐటీఐ వాళ్ళు అడిగినా ఇస్తాను, మేం కొత్తగా గీసుకున్న వైరింగ్ పటం కూడా జెరాక్స్ తీసి ఇస్తాను. మీరు ఈ ఉత్తరం వేస్తే ఆ కబురు వాళ్ళకి చేరుతుందని ఆశ.

ఇట్లు,
మీ పాఠకుడు,
కావలి