మెమోలతో ఆసుపత్రి నడవదు: వైద్య ఆరోగ్య శాఖ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

సీనియారిటీ చూసి మంచి సర్జన్‌ను సూపరింటెండెంట్‌ను చేస్తారు. పరిపాలన మాత్రం మెమోలు రాస్తూ నేర్చుకోవాల్సిందే. నేరుగా ఎక్కిస్తే గుండె ఆగిపోయే పొటాషియం క్లోరైడ్‌ను పొరపాటున ఎక్కించబోయి ఆఖరి నిమిషంలో ఆగిన నర్సుకు మెమో ఇస్తే, ఇకపై అలాంటివేవీ రిజిస్టరుకెక్కవు. ఆ మందు ఆంప్యూళ్లు (చిన్న సీసాలు), డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూళ్లు ఒకే ట్రేలో ఉన్నాయన్న అసలు కారణం అలాగే ఉండిపోతుంది. ఎన్‌క్వాస్ (ప్రభుత్వ ఆసుపత్రుల జాతీయ నాణ్యతా ప్రమాణాలు) గుర్తింపుకు 70 శాతం మార్కులు కావాలి గనుక తనిఖీ ముందు ఫైళ్లు మెరుస్తాయి, అది వేరే సంగతి.

ఉదయం డ్యూటీ మారే వేళ సూపరింటెండెంట్ రోజుకో వార్డులో పది నిమిషాలు నిలబడాలి. ఎమర్జెన్సీ ట్రాలీలో అడ్రినలిన్ గడువు, గొంతులోకి చూసే లారింగోస్కోప్ వెలుగు, గొంతులోని ద్రవాలు లాగే సక్షన్ యంత్రం స్వయంగా చూడాలి. లారింగోస్కోప్ బల్బు కొనడానికి మూడు సంతకాలెందుకు? ఆ అధికారం వార్డు ఇన్‌ఛార్జికే ఇవ్వండి. గుండె ఆగిన రోగి దగ్గర మాత్రం చర్చలు వద్దు, ఒక్కరే ఆదేశించాలి.

ఇట్లు,
జిల్లా ఆసుపత్రుల నర్సింగ్, పరిపాలన సిబ్బంది