ఏడాది దాటినా తల ఒక పక్కకే వాలుతుంటే

సంపాదకులకు నమస్కారం.

"తల కాస్త పక్కకి వాలుస్తుంది, పెద్దయితే అదే సర్దుకుంటుందిలే" అనే మాట మన ఇళ్ళల్లో బాగా అలవాటైపోయింది. నడక వచ్చాక కూడా తల వాలుతూనే ఉంటే ఆ మాట పట్టుకుని కూర్చోకూడదు. అలాగని వెంటనే మెడ లాగడం మొదలుపెట్టినా తప్పే. ముందు కారణం తేల్చుకోవాలి. పిల్లల ఫిజియోథెరపీలో పనిచేసేవాళ్ళుగా ఈ నాలుగు విషయాలు పాఠకులకు చేరాలని రాస్తున్నాం.

చెవి వెనక ఎముక దగ్గర మొదలై కిందికి వచ్చి రొమ్ము ఎముకకీ కాలర్ బోన్‌కీ అతుక్కునే కండరం ఒక వైపు పొట్టిగా ఉండటమే పుట్టుకతో వచ్చే టార్టికోలిస్. కుడి కండరం పొట్టిదైతే తల కుడికి వాలుతుంది, గడ్డం ఎడమకి తిరుగుతుంది. ఈ రెండూ కలిసి కనిపించకపోతే, ఉదాహరణకి తలా గడ్డమూ ఒకే వైపుకి పోతుంటే, కారణం వేరే ఉందేమో చూడాలి.

పిల్ల గాఢ నిద్రలో వెల్లకిలా ఉన్నప్పుడు తలని మెల్లగా ఒక భుజం వైపు, తర్వాత రెండో భుజం వైపు వంచి చూడండి. గడ్డాన్నీ అటూ ఇటూ తిప్పి చూడండి. ఒక వైపు తక్కువగా వస్తే కండరం ఇంకా బిగుతుగా ఉందన్నమాట. రెండు వైపులా సమానంగా వచ్చి, మెలకువలో మాత్రం తల వాలుతుంటే రెండు అనుమానాలు మిగులుతాయి: అవతలి పక్క మెడకి బలం చాలకపోవడం, లేదా కన్ను.

కంటి సంగతి చాలామందికి తట్టదు. కనుగుడ్డుని తిప్పే కండరాల్లో ఒకటి బలహీనంగా ఉంటే ఎదురుగా ఉన్నది రెండుగా కనిపిస్తుంది. తల వాలిస్తే ఒకటిగా కనిపిస్తుంది కాబట్టి పిల్ల వాలుస్తుంది. అలాంటి మెడని బలవంతంగా నిలబెడితే పిల్లకి మళ్ళీ రెండు బొమ్మలు కనిపిస్తాయి. దూరంగా ఉన్న బొమ్మని చూస్తున్నప్పుడు ఒక కన్ను కాసేపు మూసి ఉంచితే తల నిటారుగా వస్తోందా? వస్తే కన్నే కారణమని గట్టిగా అనుమానించాలి. రాకపోయినా సరే, మెడలో బిగుతు లేని ప్రతి పిల్లనీ పిల్లల కంటి డాక్టరుకి ఒకసారి చూపించి తీరాలి.

ఏడాది దాటాక మిగిలిపోయే వాలులో ఎక్కువగా కనిపించేది బలహీనతే. నెలల తరబడి సాగదీయించాక పొట్టి కండరం పొడవు పెరుగుతుంది కానీ, అవతలి పక్క కండరం పని నేర్చుకోదు. ఇక ఎంత లాగినా తల నిలబడదు. ఇక్కడినుంచి కుడికి వాలే పిల్లనే దృష్టిలో పెట్టుకుని చెబుతాం. ఎడమకి వాలితే అన్నీ తిరగేసుకోండి.

పిల్లని అద్దం ముందు నడుం దగ్గర పట్టుకుని ఒంటిని మెల్లగా కుడికి వంచండి. కళ్ళు సమంగా ఉంచుకోవడానికి తల దానంతటదే ఎడమకి లేస్తుంది. పని చేయాల్సింది ఆ ఎడమ కండరమే. అయిదు సెకన్ల చొప్పున అయిదారు సార్లు చాలు. తల లేవకుండా వేలాడిపోతే మీరు ఎక్కువ వంచారన్నమాట, కొంచెం తగ్గించండి.

పొద్దున పక్క మీంచి లేపేటప్పుడు చంకల కింద చేతులేసి తిన్నగా ఎత్తేయకండి. కుడి పక్కకి దొర్లించి, నడుం మీద చెయ్యి వేసి, రెండు మూడు సెకన్లు ఆగండి. పిల్ల తనే కుడి మోచెయ్యి ఆనించి లేవబోతుంది. అప్పుడు తలని పైకెత్తేది ఎడమ మెడే. అన్నం తినిపించేవాళ్ళు పిల్లకి కుడి వైపున కూర్చుంటే ప్రతి ముద్దకీ గడ్డం కుడికి తిరుగుతుంది. ఒళ్ళంతా తిప్పేస్తే లాభం లేదు, అందుకని మీ కాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని తుంటి కదలకుండా చూసుకోండి. ఎప్పుడూ ఒకే చంకన ఎత్తుకునే అలవాటు మాత్రం మానుకోవాలి.

బిగుతు ఇంకా ఉన్న పిల్లలకి సాగదీయడం అవసరమే, కానీ మొదట ఫిజియోథెరపిస్టు దగ్గర చేత్తో చేసి నేర్చుకోవాలి. కుడి భుజాన్ని అరచేత్తో కిందికి ఆపి, రెండో చేత్తో తలని ఎడమ భుజం వైపు తీసుకెళ్ళి, మొదటి బిగువు తగిలిన చోటే ఆగాలి. 30 సెకన్ల చొప్పున మూడుసార్లు, రోజుకి మూడు నాలుగు విడతలు. భుజం పైకి లేచిపోతే సాగేది మెడ కాదు, నడుం వంగుతోందంతే. ఏడుస్తూ బిగుసుకుపోయిన పిల్ల మెడని లాగితే కండరం ఎదురు తిరుగుతుంది, ఫలితం సున్నా. మధ్యాహ్నం నిద్ర మత్తులో చేసుకోవడం మంచిది. నీళ్ళు పోసేటప్పుడు నూనె రాసి మెడని 'టక్' మని తిప్పించడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. తల గుండ్రంగా రావాలని ఏడాది లోపు పిల్లలకి ఆవాల దిండు పెట్టడం కూడా వద్దు, నిద్రలో ఊపిరికి ప్రమాదం.

వాలు ఉన్నట్టుండి కొత్తగా వచ్చినా, జ్వరమో గొంతు నొప్పో వచ్చి తగ్గాక మెడ పట్టేసినా, పొద్దున్నే వాంతులు, నడకలో తూలు, కనుగుడ్లు అదరడం ఉన్నా ఇంట్లో ఏమీ చేయకుండా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. డౌన్ సిండ్రోమ్ పిల్లల మెడని డాక్టరు చూసి సరేననే దాకా ముట్టుకోవద్దు. టార్టికోలిస్ ఉన్నవాళ్ళలో తుంటి కీలు లోపం కూడా ఉండొచ్చు కాబట్టి అదీ ఒకసారి చూపించుకోవాలి.

జలుబు చేసినా, పళ్ళు వస్తున్నా, బాగా అలసినా తగ్గిన వాలు మళ్ళీ కనిపిస్తుంది. కంగారు పడకండి. నెలకోసారి పిల్లని కూర్చోబెట్టి, ఫోన్‌ని పిల్ల కళ్ళ ఎత్తులో పట్టుకుని ఎదురుగా ఒక ఫొటో తీయండి. రెండు కళ్ళనీ కలిపే గీత, రెండు భుజాలనీ కలిపే గీత సమాంతరంగా ఉన్నాయా లేదా అన్నది కళ్ళకి కట్టినట్టు తెలుస్తుంది. ఏడాది దాటి, ఆరు నెలలు సరిగ్గా చేయించినా మెడ ఒక వైపుకి రెండో వైపు కంటే 15 డిగ్రీలకి మించి తక్కువ తిరుగుతుంటే ఆపరేషన్ గురించి సర్జన్‌తో మాట్లాడాల్సిందే. ఆలస్యం చేసిన కొద్దీ ముఖం ఒక పక్క చిన్నదిగా పెరుగుతుంది.

చివరగా ప్రభుత్వానికి ఒక విన్నపం. ఆశా కార్యకర్తలు పుట్టిన 14, 21, 28 రోజులకి ఇళ్ళకి వెళ్తారు. కొందరు పిల్లల్లో మెడ పక్కన చిన్న గడ్డ తేలేది దాదాపు ఆ రోజుల్లోనే. నెల లోపు వ్యాయామం మొదలైన పిల్లల్లో నూటికి 98 మందికి నెలన్నరలో మెడ మామూలుగా తిరుగుతుంది. ఆరు నెలలు దాటాక మొదలుపెడితే తొమ్మిది పది నెలలు పట్టొచ్చు. ఆ సందర్శనల్లో తలని అటూ ఇటూ తిప్పి చూడటం, 12, 15 నెలల సందర్శనల్లో నిటారుగా ఉందో లేదో చూడటం వాళ్ళ ఫారంలో చేర్చండి. తేడా కనిపిస్తే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపించమనండి.

ఇట్లు,
పిల్లల ఫిజియోథెరపిస్టులు కొందరు,
వరంగల్