ఫ్యూగ్‌ను లెక్కల పజిల్ చేయకండి, పాడించండి

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య మీ ఆదివారం అనుబంధంలో జర్మన్ స్వరకర్త బాఖ్ ఫ్యూగ్‌ల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఫ్యూగ్ అంటే ఒక చిన్న వరసను ఒక గొంతు మొదలుపెడితే మిగతా గొంతులు ఒక్కొక్కటిగా దాన్నే అందుకుని కలిసి అల్లుకుపోయే రచన; పియానో మీద వేళ్లతో వాయించినా, విడిగా సాగే ప్రతి వరసనూ గొంతు అనే అంటాం. తెలుగు పత్రికలో ఇలాంటి విషయానికి పేజీ కేటాయించినందుకు చాలా సంతోషం. కానీ ఫ్యూగ్ అంటే గణితం, నేర్చుకుంటే పిల్లల బుర్ర పదునెక్కుతుంది అన్న ధోరణిలోనే వ్యాసమంతా సాగడం నాకు అస్సలు నచ్చలేదు. నేను పియానో నేర్పుతాను. గ్రేడ్ పరీక్ష కోసం ఒక ఫ్యూగ్‌ను వేళ్లతో బట్టీపట్టి, తప్పు లేకుండా వాయించే పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు, రెండో గొంతు ఎక్కడ మొదలైందో చెప్పమంటే మాత్రం బిత్తరపోతారు. అది లెక్క అని చెబితే వాళ్లు ఇంకా భయపడి ఇంకా గట్టిగా బట్టీపడతారు తప్ప వినరు.

బాఖ్ ఉద్దేశం ఏమిటో ఆయనే రాసిపెట్టాడు. ఇన్వెన్షన్లు అనే చిన్న అభ్యాస రచనల 1723 నాటి రాతప్రతి మొదటి పేజీలో, ముందు రెండు గొంతులు, తర్వాత మూడు గొంతులు శుభ్రంగా వాయించడం, మంచి ఆలోచనలు పుట్టించుకుని వాటిని పెంచడం, అన్నిటికంటే ముఖ్యంగా పాడుతున్నట్టు వాయించడం, దాంతోపాటు స్వరరచన రుచి తెలుసుకోవడం ఇందులో నేర్చుకోవచ్చని చెప్పాడు. పాడటం, రాయటం. మన క్లాసుల్లో లేనివి సరిగ్గా ఈ రెండే.

ముందు ఫ్యూగ్‌కు దగ్గరి చుట్టమైన కానన్ సంగతి చూడండి. మన కచేరీలో గాయకుడి ఆలాపనను వయొలిన్ నీడలా అనుసరిస్తుంది, స్వరకల్పనలో అయితే ఇద్దరూ వంతులవారీగా వస్తారు. కానన్‌లో వంతులు లేవు. రెండో గొంతు కొంత ఆలస్యంగా మొదలై మొదటి గొంతు పాడిందే పాడుతుంది, మొదటి గొంతు ఆగకుండా కొత్తది పాడుతూ పోతుంది, రెండూ కలిసి ఇంపుగా ఉండాలి. కాగితం మీద రాసి చూస్తేనే ఇది ఒంటబడుతుంది: మొదటి రెండు బార్లు (బార్ అంటే మన ఆవర్తం లాంటి తాళపు కొలత) రాసి, వాటినే కింది గొంతులో రెండు బార్ల తర్వాత దించుతాం, వాటికి పొసిగేలా పైన కొత్తగా రెండు బార్లు కట్టాలి, అవి మళ్లీ కిందికి దిగుతాయి కాబట్టి వాటిమీద ఇంకో రెండు, అలా ముందుకు. పెళ్లి వీడియోల పుణ్యమా అని అందరూ విన్న పాహెల్‌బెల్ కానన్‌లో మూడు వయొలిన్లు ఇలాగే రెండేసి బార్ల తేడాతో వస్తాయి. కింద బేస్‌లో అవే రెండు బార్లు 28 సార్లు తిరుగుతాయి కాబట్టి అక్కడ పని కాస్త తేలిక. 1741లో అచ్చయిన బాఖ్ గోల్డ్‌బెర్గ్ వేరియేషన్లలో (ఒకే బేస్ మీద కట్టిన రకరకాల రచనల వరస) అంత తేలిక కాదు, అక్కడ ప్రతి మూడో వేరియేషన్ ఒక కానన్: మూడోదాంట్లో రెండో గొంతు అదే స్వరం మీద మొదలవుతుంది, ఆరోదాంట్లో ఒక మెట్టు తేడాతో, తొమ్మిదోదాంట్లో రెండు మెట్ల తేడాతో, అలా 27వ దాకా తేడా పెరుగుతూనే ఉంటుంది.

ఇక ఫ్యూగ్. బాఖ్ కీబోర్డు రచనల సంపుటి, 1722 నాటి 'వెల్ టెంపర్డ్ క్లావియర్' మొదటి భాగంలోని సి మైనర్ ఫ్యూగ్ తీసుకుందాం. కర్ణాటక సంగీతం తెలిసిన వాళ్లెవరైనా పాడుకోవచ్చు. సబ్జెక్ట్, అంటే గొంతులన్నీ అందుకునే ఆ మొదటి వరస, 'స ని స ప ద' అని మొదలవుతుంది, నిషాదం కాకలి, ధైవతం శుద్ధం, ప ద రెండూ కింది స్థాయివి. దీనికి రెండో గొంతు పంచమం మీద జవాబివ్వాలి. ఉన్నదున్నట్టు జరిపితే 'ప మ ప రి గ' రావాలి, మధ్యమం ప్రతిమధ్యమం. బాఖ్ మాత్రం 'ప మ ప స గ' అని రాశాడు. ఆ ఒక్క రిషభాన్ని షడ్జమం ఎందుకు చేశాడు? సబ్జెక్ట్‌లో షడ్జమం నుంచి పంచమానికి దిగాడు కాబట్టి జవాబులో పంచమం నుంచి షడ్జమానికి దిగుతాడు, దాంతో సొంత శ్రుతి చెవిలోంచి ఒక్కసారిగా జారిపోదు. రెండు రకాలుగా పాడిస్తే పన్నెండేళ్ల పిల్లలు కూడా తేడా పట్టేస్తారు.

నియమాలు కూడా చెవి పెట్టినవే. రెండు గొంతులు వరసగా పంచమాల దూరంలో కదలకూడదు అంటారు. తంబురా విన్నవాళ్లకు కారణం వేరే చెప్పక్కర్లేదు, స ప ఎంతగా కలిసిపోతాయంటే అలా జంటగా నడిచే గొంతులు రెండుగా వినపడటం మానేస్తాయి. అలాగే సబ్జెక్ట్‌కు తోడుగా నడిచే కౌంటర్‌సబ్జెక్ట్ పైనా ఇమడాలి, కిందా ఇమడాలి. రెండు గొంతులు తారుమారైతే మూడో దూరం (స నుంచి గ) ఆరో దూరమవుతుంది (గ నుంచి పై స), ఇబ్బంది లేదు. పంచమం మాత్రం నాలుగో దూరమై, రెండే గొంతులున్నప్పుడు నిలకడ లేకుండా వినిపిస్తుంది, అందుకే దాన్ని మొదట్నుంచే ఆచితూచి వాడాలి.

బాఖ్ కొడుకు కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయేల్ తన ఉత్తరాల్లో రెండు సంగతులు చెప్పాడు. ఎవరిదైనా ఫ్యూగ్ మొదలవగానే ఇందులో ఏమేం రావచ్చో బాఖ్ ముందే చెప్పేవాడట, చెప్పింది వచ్చినప్పుడు ఆనందం పట్టలేక పక్కనున్న కొడుకును పొడిచేవాడట. రెండోది నేర్పే పద్ధతి గురించి: 1725లో వచ్చిన ఫుక్స్ స్వరరచన పాఠ్యపుస్తకంలోని పొడి అభ్యాసాలు పక్కనపెట్టి, శిష్యులకు నేరుగా నాలుగు గొంతుల హార్మనీతో, అంటే గొంతులన్నీ కలిసి పలికే స్వరాల పొందికతో మొదలుపెట్టేవాడు, ఫ్యూగ్‌ల దగ్గరికి వచ్చేసరికి రెండు గొంతులవి ముందు రాయించేవాడు. నెలల తరబడి ఫుక్స్ అభ్యాసాలే చేయించే టీచర్లు దీన్ని గమనించాలని నా కోరిక.

తల్లిదండ్రులకు ఒక్కటే విన్నపం. పిల్లల క్లాసుకు వెళ్లినప్పుడు ఏ గ్రేడ్ దాకా వచ్చారని అడగకండి, వాయిస్తున్న ఫ్యూగ్‌లో మధ్య గొంతు ఒక్కటే పాడి వినిపించమనండి. మీ పత్రిక మళ్లీ ఈ విషయం మీద వ్యాసం వేస్తే దయచేసి ఒక సబ్జెక్ట్‌నూ దాని జవాబునూ స్వరాల్లో అచ్చు వేయండి.

— ఒక పియానో టీచర్, సికింద్రాబాద్