ఆదివారం సెలవు గురించి కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ కార్మిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. బట్టల షాపుల్లో, సూపర్ మార్కెట్లలో, సెల్‌ఫోన్ షోరూముల్లో పనిచేసే క్రైస్తవ యువతీ యువకుల కోసం ఒంగోలు నుంచి ఈ లేఖ రాస్తున్నాను.

వాళ్లకు వారానికి ఒక రోజు సెలవు చట్టంలో ఉంది. చాలా షాపులు ఇస్తున్నాయి కూడా. కానీ అది ఒక వారం మంగళవారం, ఇంకో వారం గురువారం. ఏ రోజన్నది ముందు రోజు రాత్రి వాట్సాప్‌లో తెలుస్తుంది. ఆదివారం ఇవ్వమని అడిగితే "బేరాలు ఉండేదే ఆ రోజు" అంటారు. చెప్పి మానేసినా జీతం కోస్తారు. మా చర్చి సంఘంలో సండే స్కూల్ పిల్లలకు పాటలు నేర్పిన అమ్మాయిలు ఉద్యోగంలో చేరాక నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్లకు (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనకు) కూడా రాలేకపోతున్నారు. ఇంటికి అన్నం పెట్టే ఉద్యోగం కాబట్టి ఎవరూ గట్టిగా అడగరు.

మా జిల్లాలో ఆదివారానికి ఉన్న చరిత్ర మీకు చెప్పాలి. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు వచ్చారు. యెర్రగుంట్ల పేరయ్య లాంటి వాళ్ల ద్వారా మాదిగ పల్లెల్లో సువార్త పాకింది. చేరేవాళ్లు మూడు మాటలకు కట్టుబడాలి: విగ్రహాలకు మొక్కకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, ఆదివారం పని చేయకూడదు. ఊరి పెద్దలకు ఈ చివరి మాట అస్సలు మింగుడుపడలేదు. పిలిచినప్పుడల్లా పనికి రావాల్సిన మనిషి, వారంలో ఒక రోజు రానని చెప్పడం అప్పటిదాకా వాళ్లు వినలేదు. ఎన్నో పల్లెల్లో వేధింపులు మొదలయ్యాయి. అయినా 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ పల్లెల మనవలు, మునిమనవలే ఈరోజు షాపుల్లో కౌంటర్ల వెనక నిలబడి ఉన్నారు.

బైబిల్లోని ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయంలో విశ్రాంతి దినం గురించి దేవుడు చెప్పేటప్పుడు దాసుడిని, దాసిని, ఎద్దును, గాడిదను, మీ ఊళ్లో ఉన్న పరదేశిని కూడా కలిపి చెప్పాడు. మీరూ ఐగుప్తులో (ఈజిప్టులో) దాసులుగా ఉన్నవాళ్లే, అది గుర్తుంచుకోండి అన్నాడు. అందుకే మాకు ఆదివారం ఆరాధన దినం, పనిచేసే మనిషికి దేవుడే ఇచ్చిన విడుదల కూడా. బొంబాయి మిల్లు కార్మికులకు 1890లో ఆదివారం సెలవు సాధించిపెట్టిన నారాయణ్ మేఘాజీ లోఖండే క్రైస్తవుడు కాదు, జ్యోతిరావు ఫూలే అనుచరుడు. ఈ సెలవు వెనక ఇన్ని రకాల మనుషుల కష్టం ఉంది.

2025లో మన రాష్ట్రంలో రోజు పని గంటల పరిమితిని 10కి పెంచారు. అదే ఏడాది నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వారానికి ఆరు రోజులకు మించి పని చేయించకూడదని అందులో ఉంది. ఆ ఏడో రోజు ఏదన్నది పనిచేసేవాళ్ల చేతిలో లేదు. సాయంత్రం ఆరాధనకు వెళ్లొచ్చు కదా అని కొందరు అంటారు. షాపులో అసలు రద్దీ సాయంత్రమే. యూట్యూబ్ లైవ్ ఉందిగా అని కూడా అంటారు. సంఘమంటే కలిసి కూర్చోవడం, ఒకరి కష్టం ఒకరు వినడం, మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ కలిసి భోంచేయడం. ఫోన్లో అది జరగదు.

మేము షాపులు మూయమనడం లేదు. ఆసుపత్రుల్లో మా నర్సమ్మలు ఆదివారం కూడా ఇష్టంగానే డ్యూటీ చేస్తారు. యేసు ప్రభువు కూడా విశ్రాంతి దినాన రోగులను బాగుచేశాడు. మేము అడిగేది ఒక్క నిబంధన. పనిచేసేవాళ్లు తమ వారపు సెలవు ఏ రోజు కావాలో ఏడాదికోసారి రాసిస్తే యజమాని దాన్ని పాటించాలి. శుక్రవారం నమాజుకు వెళ్లే ముస్లిం సోదరుడికి, శనివారాన్ని విశ్రాంతి దినంగా పాటించే అడ్వెంటిస్టు క్రైస్తవులకు కూడా ఇది పనికొస్తుంది. దసరా, సంక్రాంతి, పెళ్లిళ్ల సీజన్‌లో కొన్ని వారాలు మినహాయింపు ఇచ్చినా మాకు అభ్యంతరం లేదు. క్రిస్మస్‌కు ముందు ఆదివారాలను మాత్రం ఆ లెక్కలో వేయకండి.

ఒక్క విషయంలో జాగ్రత్త తీసుకోండి. ఆ కాగితంలో మతం గడి, కారణం గడి పెట్టవద్దు. ఎస్సీలు క్రైస్తవంలోకి వస్తే బీసీ-సి కింద లెక్కిస్తారని మీకు తెలుసు. మతం రాయమంటే ఎస్సీ హోదా పోతుందేమోనన్న భయంతో ఎంతోమంది సెలవే అడగరు. రోజు పేరు రాస్తే చాలు. రాసిచ్చినందుకు ఎవరినైనా పనిలోంచి తీసేస్తే ఫిర్యాదు చేయడానికి లేబర్ ఆఫీసులో ఒక అధికారిని, ఒక ఫోన్ నంబరును పెట్టండి. ఆ నంబరు ప్రతి షాపులో స్టాఫ్ భోజనం చేసే గది గోడ మీద తెలుగులో ఉండేలా చూడండి.

ఇట్లు,
ఒంగోలు నుంచి ఒక సంఘ సభ్యురాలు