నోటరీకి పదేళ్ల ప్రాక్టీసు అందరికీ అక్కర్లేదు

సంపాదకులకు,

నోటరీ కావాలంటే పదేళ్ల ప్రాక్టీసు ఉండాల్సిందేనని హన్మకొండ, జనగామ, ములుగు కోర్టుల్లో చాలామంది జూనియర్లు అనుకుంటున్నారు. 1956 నోటరీ నిబంధనల్లో మూడోది ఒకసారి చదివితే చాలు. ఎస్సీ, ఎస్టీ, బీసీ న్యాయవాదులకూ, ఏ కులమైనా మహిళలకూ ఏడేళ్లే. పదేళ్లు ఓసీ పురుషులకు.

లెక్క లా పాసైన ఏడాది నుంచి కాదు, సనదు (బార్ కౌన్సిల్ ఇచ్చే న్యాయవాద అనుమతి) తీసుకుని ప్రాక్టీసు పెట్టిన నాటి నుంచి మొదలవుతుంది. 2018 ఆగస్టులో ఎన్‌రోల్ అయిన బీసీ న్యాయవాదికి 2025 ఆగస్టుతో ఏడేళ్లు నిండాయి. అదే రోజు ఎన్‌రోల్ అయిన ఓసీ మిత్రుడు 2028 దాకా ఆగాలి. నడుమ ఉద్యోగంలో చేరి సనదు పక్కన పెట్టించుకుంటే ఆ కాలం లెక్కలోకి రాదు.

దరఖాస్తు జిల్లా జడ్జి లేదా తాను ప్రాక్టీసు చేసే కోర్టు ప్రిసైడింగ్ అధికారి ద్వారా మెమోరియల్ (నిర్ణీత నమూనాలో రాసే అర్జీ) రూపంలో వెళ్లాలి. దాని మీద మేజిస్ట్రేట్, జాతీయ బ్యాంకు మేనేజరు, ఒక వ్యాపారి, ఇంకా ఇద్దరు ప్రముఖులు సంతకం పెట్టాలి. ఆ ఇద్దరూ దరఖాస్తుదారు కూర్చోబోయే ప్రాంతం వాళ్లే కావాలి. పొరపాట్లకు ఎక్కువ తావున్నది ఇక్కడే. ఉమ్మడి వరంగల్ 2016లో ముక్కలైనా అలవాటు పోలేదు కదా! ములుగులో ప్రాక్టీసు చేస్తానని రాసి వరంగల్ పెద్దమనుషులతో సంతకాలు చేయిస్తే కుదరదు. ఒకసారి తిరస్కరిస్తే ఆరు నెలల దాకా మళ్లీ పెట్టుకోవడానికి లేదు.

సనదు ఉంటే చాలు, ఎవరైనా ప్రమాణం చేయించవచ్చనేది మరో అపోహ. సివిల్ కేసుల్లో అఫిడవిట్ మీద ప్రమాణం చేయించే అధికారం సివిల్ ప్రొసీజర్ కోడ్ 139వ సెక్షన్ ప్రకారం కోర్టుకు, మేజిస్ట్రేట్‌కు, నోటరీకి, హైకోర్టు గానీ ప్రభుత్వం అధికారమిచ్చిన కోర్టు గానీ నియమించిన వాళ్లకు మాత్రమే ఉంది. మనిషి ఎదుట లేకుండా టైపింగ్ సెంటర్‌లో ముద్ర వేయించుకున్న కాగితాన్ని ఎదుటి వకీలు ఒక్క ప్రశ్నతో పడగొడతాడు: నోటరీ రిజిస్టర్‌లో ఆ మనిషి సంతకం ఏది?

ముద్ర గుండ్రంగా, 5 సెంటీమీటర్ల వ్యాసంతో ఉండాలి. అందులో నోటరీ పేరు, ప్రాంతం, రిజిస్ట్రేషన్ నంబరు కనపడాలి. సర్టిఫికెట్ అయిదేళ్లకే చెల్లుతుంది. పునరుద్ధరణకు గడువు తీరడానికి ఆరు నెలల ముందే అర్జీ పెట్టాలి. ఆ సంగతి మరిచి పాత ముద్రే కొట్టేవాళ్లతో చిక్కు జనానికే.

నోటరీల చట్టం ఆరో సెక్షన్ కింద ప్రభుత్వం ఏటా జనవరిలో నోటరీల జాబితాను గెజిట్‌లో ప్రచురించాలి. గెజిట్ ఎవరు చూస్తారు? గడువు తేదీలతో సహా ఆ జాబితాను తెలుగులో ప్రతి కోర్టు, తహసీల్దారు కార్యాలయం నోటీసుబోర్డు మీద అంటించాలని అధికారులను కోరుతున్నాం.

— కొందరు న్యాయవాదులు, హన్మకొండ