ఏ డాక్టరేట్ అని అడిగే ముందు

చిన్నారీ,

ఫోన్లో నీతో ఏ మాటా పూర్తి కాదు. నువ్వు ఆఫీసులో ఉన్నంతసేపూ ఎవరో ఒక స్టూడెంట్ తలుపు కొడుతూనే ఉంటారు. అందుకే రాస్తున్నాను.

పద్నాలుగేళ్లుగా పీఏ స్టూడెంట్లకు, అంటే డాక్టర్లతో కలిసి రోగుల్ని చూసే ఫిజీషియన్ అసిస్టెంట్లు కాబోయేవాళ్లకు పాఠాలు చెబుతున్నావు. ఇప్పుడు నీకంటే చిన్నవాళ్లు పేరు ముందు డాక్టర్ అని పెట్టుకుని డిపార్ట్‌మెంట్లో చేరుతుంటే టెన్షన్ పడుతున్నావు. పడతావు మరి. కానీ "ఏదో ఒక డాక్టరేట్ త్వరగా చేసేస్తానమ్మా" అన్నావు చూడు, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మీ వృత్తి కథే చిత్రం. 1965లో డ్యూక్ యూనివర్సిటీలో యూజీన్ స్టెడ్ గారు నేవీలో వైద్య సహాయకులుగా పనిచేసి వచ్చిన నలుగురితో తొలి పీఏ కోర్సు మొదలుపెట్టారు. వాళ్లలో ఆయన చూసింది పనితనం. ఇవాళ మీ అమెరికాలో మాస్టర్స్ చేస్తేగానీ పీఏ కారు. 2009లో మీ సంఘాలు కూర్చుని, వృత్తిలో అడుగుపెట్టడానికి మాస్టర్స్ చాలు, డాక్టరేట్ వద్దన్నాయి. సరే, రోగిని చూడటానికి చాలింది. అదే డిగ్రీ యూనివర్సిటీలో పైమెట్టు ఎక్కడానికి చాలుతుందా? నీ చిక్కంతా ఇక్కడే.

కాబట్టి ఆ డాక్టరేట్ కోర్సుల బ్రోచర్లు పక్కన పెట్టి, మీ ఫ్యాకల్టీ హ్యాండ్‌బుక్‌లో ప్రమోషన్ల అధ్యాయం తెరువు. టెర్మినల్ డిగ్రీ అంటే ఏమని రాశారు? పీఏలకు మాస్టర్సే ఆఖరి డిగ్రీ అని ఒప్పుకునే చోట్లున్నాయి. టెన్యూర్ ట్రాక్‌కి, అంటే శాశ్వత ఉద్యోగపు దారికి, డాక్టరేట్ తప్పదనే చోట్లూ ఉన్నాయి. డాక్టరేట్ తప్పదంటే, ఏ డాక్టరేటైనా సరేనా, పరిశోధన డాక్టరేటే కావాలా? డీన్ గారు నోటితో చెప్పింది నమ్మకు, ఈమెయిల్‌లో రాయించుకో.

నువ్వు ముచ్చటపడుతున్న డీఎంఎస్‌సీ, అంటే డాక్టర్ ఆఫ్ మెడికల్ సైన్స్ సంగతి. లించ్‌బర్గ్ లాంటి యూనివర్సిటీల్లో పీఏలను దృష్టిలో పెట్టుకునే నడుపుతున్నారు. ఉద్యోగం మానక్కర్లేదు, చాలామటుకు ఆన్‌లైన్, ఏడాదో రెండేళ్లో చాలు. క్లినిక్‌లో పెద్ద బాధ్యతలు కోరేవాళ్లకు మంచిదే. నువ్వేమో వారానికి ఒక్కరోజు క్లినిక్‌కి వెళ్తావు! డీహెచ్‌ఎస్‌సీ, అంటే డాక్టర్ ఆఫ్ హెల్త్ సైన్స్, ఇంకాస్త విశాలం, నోవా సౌత్ఈస్టర్న్‌లో ఉంది. అందులో వేరే ఆరోగ్య వృత్తులవాళ్లతో కలిసి చదువుతావు.

నన్నడిగితే నా ఓటు ఈడీడీకి, అంటే బోధన మీద చేసే డాక్టర్ ఆఫ్ ఎడ్యుకేషన్‌కి. ఎందుకో చెప్తాను. పోయినేడు ఒక పిల్ల గురించి గంటసేపు మాట్లాడావు, గుర్తుందా? క్లాసులో అన్నీ ఫస్టు, క్లినికల్ రొటేషన్‌కి వెళ్లి పేషెంటు ముందు నోరు పెగలక నిలబడిపోయింది. ఆ పిల్లను ఎలా నిలబెట్టాలి, ముందే ఎలా పసిగట్టాలి అని నువ్వు తిండి కూడా మర్చిపోయావు. అదేనే నీ థీసిస్! చాలా ఈడీడీల్లో మన పనిచోట ఉన్న సమస్యనే తీసుకుని డిసర్టేషన్ రాయొచ్చు. పగలు చేసే పనే రాత్రి చదువు. అందులోంచి రెండు పేపర్లు మీ పీఏ చదువుల సంఘం పీఏఈఏ జర్నల్‌కి పంపొచ్చు, ప్రమోషన్ ఫైల్లో అవీ లెక్కకొస్తాయి.

పీహెచ్‌డీ కూడా మంచిదే, గ్రాంట్లు తెచ్చి పరిశోధనలోనే బతకాలనుంటే. నాలుగైదేళ్లు అనుకుని చేరతాం, అది ఎన్నాళ్లకు తెములుతుందో మన చేతిలో ఉండదు. నేను నలభై రెండో ఏట చేరాను కదా. మా గైడు ఒక అధ్యాయాన్ని ఎనిమిది నెలలు సొరుగులో పెట్టుకున్నాడు. ఎప్పుడడిగినా "చూస్తున్నానమ్మా" అనేవాడు. అప్పుడు నీకు ఆరేళ్లు. "థీసిస్ అంటే జ్వరమా అమ్మా?" అన్నావు. అందుకే ఎక్కడ చేరినా ముందు అక్కడ పూర్తిచేసిన ఇద్దరితో, మధ్యలో మానేసిన ఒకరితో మాట్లాడు. మానేసినవాళ్లే అసలు సంగతి చెప్తారు.

డబ్బు సంగతి అల్లుడు గారికి నాకంటే బాగా తెలుసు. మీ యూనివర్సిటీలోనే ఈడీడీ ఉంటే ఉద్యోగులకు ఫీజు తగ్గింపు ఉందేమో అడగండి. యాజమాన్యం ఇచ్చే చదువు సాయం మీద ఏడాదికి 5,250 డాలర్ల దాకా పన్ను పడదు. పెద్ద అప్పు మాత్రం చెయ్యొద్దు. డాక్టరేట్ వస్తే జీతం ఎంత పెరుగుతుందో ఆ డీన్ గారి ఈమెయిల్‌లోనే అడిగెయ్యి.

ఇంకోటి. ఏది చదివినా నీ పీఏ లైసెన్సు పరిధి అంగుళం కూడా పెరగదు. రెండేళ్లకోసారి ఆ 100 సీఎంఈ క్రెడిట్లు, అంటే వృత్తిలో ఉంటూ నేర్చుకునే వైద్య చదువు గంటలు, పూర్తి చెయ్యడమూ తప్పదు. చదువు గోలలో పడి అది మర్చిపోకు, నీ మతిమరుపు నాకు తెలుసు.

ఆదివారంలోపు హ్యాండ్‌బుక్‌లో ఆ పేజీ ఫోటో తీసి పంపు. కొత్త కళ్లద్దాలు వచ్చాయి, చిన్న అక్షరాలైనా చదువుతాను.

అమ్మ